ప్రసూతి సెలవు: ఏ దేశంలో ఎంత? ఎవరి ఖర్చుతో?

(అంతర్జాతీయ మహిళా దినోత్సవం సందర్భంగా మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మహిళా దినోత్సవం నాడు మాట్లాడడానికి ఒక ముసలి గుమాస్తాను ఎందుకు పిలిచారా అని మీలో కొందరికి అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కార్యదర్శి గారిని అడిగితే, "మీరు ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో సగానికి పైగా ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులోనే గడిపారు గదా! సెలవుల సంగతి మీకు తెలిసినంత మాకెవరికి తెలుసు? ప్రసూతి సెలవు మీద నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. కాదనలేకపోయాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2009లో సూపరింటెండెంటుగా దిగిపోయేదాకా నేను రాసిన సెలవు మంజూరు ఉత్తర్వులు ఎన్నో లెక్క లేదు. ఆ అలవాటుతోనే నాలుగు దేశాల సంగతులు పోగుచేసి మీ ముందుకు వచ్చాను.

సెలవు దరఖాస్తు నా బల్ల మీదికి వస్తే నేను మూడు సంగతులు చూసేవాణ్ణి. ఒకటి, దరఖాస్తుదారుకు ఆ సెలవుకు అర్హత ఉన్నదా? రెండు, సెలవు కాలానికి జీతం పూర్తిగానా, సగమా, సున్నానా? మూడు, ఆ జీతం ఏ పద్దు నుంచి చెల్లించాలి? ఈ మూడూ తేలితే ఫైలు తేలినట్లే. దేశాల మధ్య ప్రసూతి సెలవును పోల్చేటప్పుడు కూడా ఈ మూడు ప్రశ్నలే వెయ్యాలని నా మనవి. పత్రికలలో సాధారణంగా ఒక్క ప్రశ్నే వేస్తారు: ఎన్ని వారాలు? అది చూసి ఒక దేశం గొప్పదనీ, మరొకటి కాదనీ అనుకుంటాము. వారాల సంఖ్య ఒక్కటే చూసి సెలవును అంచనా వెయ్యడం, బేసిక్ పే చూసి చేతికొచ్చే జీతాన్ని అంచనా వెయ్యడం లాంటిది.

మన ఇళ్ళలో ఉన్నదే

సెలవు నిబంధనలు పుట్టకముందే మన ఇళ్ళలో ప్రసూతి సెలవు ఉంది. తొలి కాన్పుకు ఆడపిల్లను ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకువచ్చేవారు. కాన్పయ్యాక కాయం తినిపించి, పత్యం పెట్టి, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక సారె పెట్టి అత్తవారింటికి పంపేవారు. లెక్క వేస్తే ఇంచుమించు ఆరు నెలలు. పార్లమెంటు 2017లో 26 వారాలని చట్టం చేసింది గానీ మన అమ్మమ్మలు ఆ జీవో ఎప్పుడో ఇచ్చేశారు.

అయితే ఆ సెలవు ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? పుట్టింటివారు. పుట్టింటికి స్తోమత లేని కూలి ఇల్లాలికి ఈ సెలవు లేదు. పురిటి స్నానమైన కొద్ది రోజులకే ఆమె నాట్లకు పోయేది. గట్టు మీద చెట్టుకు చీర కట్టి ఉయ్యాల వేసి బిడ్డను పడుకోబెట్టేది. ఇది చిన్నప్పుడు మనమందరం చూసినదే. ఖర్చు భరించేవాడు ఉన్నచోటే సెలవు ఉంటుంది. దేశాల కథ కూడా ఇంతే.

నూట యాభై ఏళ్ళ చరిత్ర

కాన్పయిన స్త్రీ చేత ఫ్యాక్టరీలో పని చేయించరాదని ఐరోపాలో తొలిగా చట్టం చేసిన దేశాలలో స్విట్జర్లాండు ఒకటి. 1877లో, కాన్పుకు ముందూ వెనుకా కలిపి ఎనిమిది వారాలు పని నిషేధించారు. పని వద్దన్నారు, బాగానే ఉంది. జీతం మాత్రం ఇవ్వలేదు. పని లేదు, డబ్బు లేదు; ఇంట్లో పసిబిడ్డ. ఇది సెలవు అనాలో సస్పెన్షను అనాలో మీరే చెప్పండి. సస్పెన్షనులో ఉన్నవాడికైనా మనం జీవనభృతి ఇచ్చాము!

జర్మనీలో 1878లో కాన్పు తర్వాత మూడు వారాలు పని నిషేధించారు. 1883లో బిస్మార్కు తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం కింద, బీమా ఉన్న స్త్రీలకు ఆ మూడు వారాలకు కొంత డబ్బు ఇవ్వడం మొదలైంది. బీమా నిధి నుంచి ప్రసూతి భృతి ఇచ్చే పద్ధతికి అది నాంది.

స్విట్జర్లాండులో మాత్రం డబ్బు సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది. ప్రసూతి బీమా పెట్టాలని 1945లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కానీ అక్కడ పార్లమెంటు చేసిన చట్టాన్ని ప్రజలు ఓటుకు పెట్టించవచ్చు. పెట్టినప్పుడల్లా ఓడిపోతూ వచ్చింది. చివరికి 2004 సెప్టెంబరులో నెగ్గి, 2005 జూలై 1 నుంచి 14 వారాలు, 80 శాతం జీతంతో అమలయింది. పెండింగు ఫైళ్ళకు మనమే పేరుపడ్డామనుకుంటాము. అరవై ఏళ్ళ పెండింగు ఫైలు స్విట్జర్లాండులోనూ ఉంది.

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి మహాసభ జరిగింది. అందులో చేసుకున్న మొదటి ఒడంబడికలలో ప్రసూతి రక్షణ ఒకటి. కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు సెలవు, ఆ కాలానికి ప్రభుత్వ నిధి నుంచి గానీ బీమా నుంచి గానీ భృతి, బిడ్డకు పాలివ్వడానికి పని వేళల్లో రోజుకు రెండుసార్లు అరగంట విరామం. ఇన్ని మంచి మాటలు రాసుకున్న ఆ సభ ఎక్కడ జరిగిందో తెలుసునా? అమెరికా రాజధాని వాషింగ్టనులో. ఆ అమెరికాలో దేశమంతటికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టం ఈనాటికీ లేదు.

2000 సంవత్సరంలో ఆ ఒడంబడికను తిరగరాశారు. దాని ప్రకారం కనీసం 14 వారాల సెలవు, జీతంలో మూడింట రెండు వంతులకు తగ్గని భృతి ఉండాలి. సాధారణంగా ఆ ఖర్చును యజమాని ఒక్కడి నెత్తిన వెయ్యరాదు. మన దేశం దీనిని ఆమోదించలేదు. మన చట్టంలో వారాలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. తేడా ఆ ఖర్చు దగ్గరే ఉంది. ఆ సంగతి ముందుకు చెబుతాను.

గుమాస్తా లెక్క

అర్ధజీతపు సెలవును కమ్యూటు చెయ్యడం మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. రెండు అర్ధజీతపు రోజులు ఒక పూర్తి జీతపు రోజు. ప్రపంచ దేశాల ప్రసూతి సెలవును కూడా నేను అలాగే పూర్తి జీతపు రోజులలోకి మార్చి చూశాను. లెక్క సుమారైనదే. చాలా దేశాలలో జీతానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. దానిని పక్కన పెట్టాను.

బల్గేరియాలో 410 రోజులు, 90 శాతం భృతి. అంటే 369 పూర్తి జీతపు రోజులు. మన దేశంలో 26 వారాలు పూర్తి జీతం, అంటే 182 రోజులు. స్విట్జర్లాండులో 98 రోజులు 80 శాతంతో, అంటే 78 రోజులు. జపానులో కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు, జీతంలో మూడింట రెండు వంతులు ఆరోగ్య బీమా నుంచి ఇస్తారు. అది 65 రోజులు. కెనడాలో తల్లికి 15 వారాలు 55 శాతంతో, అంటే 58 రోజులు. ఆపైన తల్లిదండ్రుల సెలవు వేరుగా ఉంది. మనవాళ్ళు వేల సంఖ్యలో ఉన్న ఎమిరేట్సులో ప్రైవేటు ఉద్యోగినులకు 2022 నుంచి 60 రోజులు. అందులో 45 పూర్తి జీతంతో, 15 సగం జీతంతో. అంటే 52న్నర రోజులు. పొరుగున నేపాల్లో 2017 చట్టం ప్రకారం సెలవు 98 రోజులు, పూర్తి జీతం 60 రోజులకే.

బ్రిటను లెక్క చూడండి. అక్కడ ప్రసూతి సెలవు 52 వారాలు. వినగానే ఏడాది సెలవా అని నోరు తెరుస్తాము. మొదటి ఆరు వారాలకు 90 శాతం జీతం. తర్వాత 33 వారాలకు, జీతం బాగా తక్కువైనవారికి తప్ప, ప్రభుత్వం నిర్ణయించిన ఒకే మొత్తం. అది చాలామంది జీతంలో చిన్న భాగం. చివరి 13 వారాలకు సున్నా. కాబట్టి 52 అనే అంకె వెనుక జీతం నిలిచేది ఆరు వారాలే. మిగిలిన కాలం ఇంట్లో కూర్చోగలదా లేదా అన్నది ఆ తల్లి ఇంటి స్తోమత మీద ఆధారపడుతుంది. మళ్ళీ పుట్టింటి కథే!

మన అమెరికా ప్రయాణాల సంగతి

ఇప్పుడు మనకు దగ్గర విషయానికి వస్తాను. ఈ హాలులో కూర్చున్నవారిలో చాలామంది అమెరికా వెళ్ళి వచ్చినవారే. నయాగరా చూశాము, గుళ్ళు చూశాము. అసలు ఎందుకు వెళ్ళాము? అమ్మాయి కాన్పుకో, కోడలి కాన్పుకో. మా ఆవిడ రెండుసార్లు వెళ్ళింది. ఆవకాయ జాడీ, కాయం సీసా, నూలు గుడ్డలు సూట్‌కేసులో సర్దుకుని, ఆరు నెలల అనుమతి మీద దిగి, బిడ్డకు నీళ్ళు పొయ్యడం మొదలు బోర్లాపడేదాకా చూసుకుని వచ్చింది.

దీనికి మనం మమకారం అని పేరు పెట్టాము. మమకారం నిజమే. దాని వెనుక ఒక చట్టం లేకపోవడం కూడా నిజం. అమెరికాలో 1993లో అధ్యక్షుడు క్లింటను సంతకం చేసిన కుటుంబ, వైద్య సెలవు చట్టం ఒకటి ఉంది. దాని కింద 12 వారాల సెలవు దొరుకుతుంది గానీ జీతం ఉండదు. ఉద్యోగం మాత్రం పోదు. అదీ యాభైమంది, అంతకు పైబడి పనిచేసే సంస్థలలో, ఏడాది సర్వీసు, 1250 గంటల పని పూర్తయినవారికే. కాలిఫోర్నియాలో 2004 నుంచి, న్యూజెర్సీలో 2009 నుంచి, న్యూయార్కులో 2018 నుంచి రాష్ట్ర పథకాల కింద కొంత భృతి వస్తోంది. మరికొన్ని రాష్ట్రాలు కూడా ఆ దారి పట్టాయి. మన తెలుగువారు గుంపులుగా ఉన్న టెక్సాసులో అటువంటి తప్పనిసరి పథకం లేదు. అక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం 2020 అక్టోబరు 1 నుంచి 12 వారాలు జీతంతో ఇస్తున్నారు. ఏ దేశమైనా ముందు తన గుమాస్తాలను చూసుకుంటుందన్నమాట!

మా అమ్మాయి ఉండేది టెక్సాసులోనే. రెండో కాన్పుకు ఆమె కంపెనీ తన పాలసీ ప్రకారం కొద్ది వారాలు జీతం ఇచ్చింది. మిగిలిన వారాలు జీతం లేని సెలవు. అది తీరగానే చంటిదాన్ని మా ఆవిడ ఒడిలో పెట్టి ఆఫీసుకు వెళ్ళింది. ప్రపంచంలోని సంపన్న దేశం తన తల్లులకు ఇవ్వని సెలవును మన పెన్షనుదారుల భార్యలు విమానం టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి ఇచ్చి వస్తున్నారు. ఈ సేవకు వారికి టి.ఏ. లేదు, డి.ఏ. లేదు.

మన ఆడపిల్లలకు అమ్మ ఉంది. అమ్మ రాలేని మెక్సికో పిల్లకో, అక్కడి పేద నల్లజాతి పిల్లకో ఎవరున్నారు?

ఏ పద్దు నుంచి?

ఇక మూడో ప్రశ్న. జీతం ఏ పద్దు నుంచి? ఇందులో రెండు దారులు ఉన్నాయి. ఒకటి బీమా లేదా ప్రభుత్వ నిధి: అందరూ తలా కాస్త వేస్తారు, కాన్పయినవారికి అందులోంచి ఇస్తారు. రెండోది యజమాని జేబు.

మొదటి దారిలో బాగా ముందుకు పోయినది స్వీడను. 1974లోనే అక్కడ తల్లి సెలవును తల్లిదండ్రుల సెలవుగా మార్చారు. ఒక బిడ్డకు మొత్తం 480 రోజులు. అందులో 390 రోజులకు జీతంలో ఇంచుమించు 80 శాతం, మిగిలిన 90 రోజులకు చిన్న మొత్తం, సామాజిక బీమా నుంచి వస్తుంది. 90 రోజులు తండ్రివి, 90 రోజులు తల్లివి. ఒకరివి మరొకరికి బదిలీ కావు. తండ్రి వాడుకోకపోతే మురిగిపోతాయి. క్యాజువల్ లీవు మురిగిపోతుందంటే డిసెంబరులో మనం ఎలా పరుగెత్తేవాళ్ళమో గుర్తుందిగా! అక్కడి తండ్రుల చేత ఉయ్యాల ఊపించింది కూడా ఆ భయమే.

ఇందులో ఇంకొక కిటుకు ఉంది. ఆడపిల్లను ఉద్యోగంలో పెట్టుకున్నా మగపిల్లవాణ్ణి పెట్టుకున్నా యజమానికి అయ్యే ఖర్చు ఒక్కటే. సెలవుకు ఇద్దరూ వెళ్ళేవారే, జీతం ఇచ్చేది బీమాయే.

మన దేశంలో 1961 చట్టం, దానికి 2017లో వచ్చిన సవరణ, ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, ఇవన్నీ రెండో దారి పట్టాయి. 26 వారాల జీతం మొత్తం యజమానే ఇవ్వాలి. పెద్ద కంపెనీలకు అదొక లెక్క కాదు. పన్నెండుమందితో నడిచే చిన్న ప్రెస్సు యజమాని ఏమనుకుంటాడు? కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఉద్యోగానికి వస్తే పైకి ఏమీ అనడు. "కబురు చేస్తాము" అంటాడు. ఆ కబురు రాదు. తల్లికి మేలు చెయ్యాలని చేసిన చట్టం కొన్నిచోట్ల ఆమె వాకిట్లోనే అడ్డం పడుతుంది.

ఈ చిక్కును ముందే పట్టుకున్నవారు డాక్టరు అంబేద్కరు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి భృతి బిల్లు వచ్చినప్పుడు ఆయన దానిని బలపరిచారు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు కాబట్టి ఆ భారం చాలావరకు ప్రభుత్వమే మొయ్యడం న్యాయమని కూడా అన్నారు. 1929లో బొంబాయి చట్టం, 1934లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో చట్టం వచ్చాయి. 1950 రాజ్యాంగంలో 42వ అధికరణం ప్రసూతి సహాయాన్ని ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. కానీ భారం మాత్రం యజమాని మీదే ఉండిపోయింది.

మొదటి దారి మనకు తెలియనిది కాదు. అది చూడడానికి స్వీడను వెళ్ళనక్కరలేదు, సనత్‌నగర్ వెళితే చాలు. 1948 నాటి చట్టంతో మొదలైన ఇ.ఎస్.ఐ. పథకం కింద ఉద్యోగి జీతం నుంచి కాస్త, యజమాని నుంచి కాస్త నిధికి చేరుతుంది. ఇ.ఎస్.ఐ. ఉన్న మహిళకు 26 వారాల భృతి ఆ నిధి నుంచే వస్తుంది. కాన్పు లేని మగవాడి చందా కూడా అందులో ఉంటుంది. ఈ పద్ధతిని విస్తరిస్తే యజమానికి భయం ఉండదు, తల్లికి జీతం పోదు.

ఎవరికి?

చివరిగా మొదటి ప్రశ్నకు వస్తాను. అర్హత ఎవరికి?

మన ఉద్యోగినుల సంగతి మీకు తెలుసు. కేంద్రంలో 1997లో 90 రోజులను 135 చేశారు. 2008 సెప్టెంబరు 1 నుంచి 180 చేశారు, శిశు సంరక్షణ సెలవు అదనం. మన ఉమ్మడి రాష్ట్రంలో 120 రోజులను 180 చేస్తూ 2010 మే 4న జీవో 152 వచ్చింది. నేను దిగిపోయిన మరుసటి ఏడాది. ఇద్దరు పిల్లల పరిమితిని ఆంధ్రప్రదేశ్‌లో 2025లో తీసివేశారు. ఇవన్నీ సంతోషించవలసినవే. సంఘాలు కొట్లాడి తెచ్చుకున్నవి.

అదే ఆఫీసులో గది ఊడ్చే మనిషికో? 1980 దశకంలో నేను పనిచేసిన ఒక జిల్లా కార్యాలయంలో ఒక స్త్రీ రోజుకూలి మీద ఊడవడం, నీళ్ళు పట్టడం చేసేది. అప్పటికే ఏళ్ళ తరబడి చేస్తోంది. ఆమె జీతం కంటింజెంటు బిల్లులో వచ్చేది. మా టైపిస్టు గారికీ ఆమెకూ ఒకే నెలలో కాన్పయింది. టైపిస్టు గారి సెలవు ఉత్తర్వు నేనే రాశాను, పూర్తి జీతంతో. ఈమె మాత్రం ఇరవై రెండో రోజున చీపురు పట్టుకుని వచ్చింది. మెట్ల కింద గోనె పట్టా మీద బిడ్డ, పక్కన కాపలాగా ఆరేళ్ళ పెద్ద పిల్ల. రాలేదంటే ఆ రోజు కూలి లేదు గదా! ఆమెకు ఏదైనా ఇవ్వవచ్చునేమో పరిశీలించమని నేను నోటు పెట్టాను. "నిబంధనలలో అవకాశం లేదు" అని రాసి తిరిగి వచ్చింది. ఆ రాసినది అబద్ధం కాదు. నిబంధనలలో నిజంగానే లేదు. ఒకే కప్పు కింద ఇద్దరు బాలింతలు. ఒకరికి సర్వీసు రిజిస్టరు ఉంది, ఒకరికి లేదు. అంతే తేడా.

ఈ తేడా మీద తర్వాత సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోలు మీద పనిచేసే స్త్రీలు, మాకు మాత్రం కాన్పు కాన్పు కాదా అని అడిగారు. రెగ్యులరు వారితో పాటు వారికీ ప్రసూతి ప్రయోజనం ఇవ్వవలసిందేనని కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు తేదీ 2000 మార్చి 8. సరిగ్గా మహిళా దినోత్సవం.

ఇక ఏ ఆఫీసూ, ఏ మస్టరూ లేని కోట్ల మంది ఉన్నారు. పొలం కూలీలు, ఇళ్ళలో పనిచేసేవారు. వారికి 2017 నుంచి కేంద్ర మాతృవందన పథకం కింద మొదటి బిడ్డకు 5000 రూపాయలు ఇస్తున్నారు; రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6000. గుమాస్తా బుద్ధితో దీన్ని కూడా భాగించి చూశాను. 5000ను 182 రోజులతో భాగిస్తే రోజుకు 27 రూపాయలు. ఉద్యోగినికి పూర్తి జీతం, కూలి తల్లికి 27 రూపాయలు. ఎన్నో దేశాలు తిరిగి చివరికి నేను చూసిన పెద్ద తేడా ఇది. ఇది రెండు దేశాల మధ్య లేదు. మన దేశంలోనే, మన వీధిలోనే ఉంది.

ఒక చిన్న తీర్మానం

సభ్యుల ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను.

ఒకటి: మన పూర్వపు కార్యాలయాలలో ఇప్పుడు ఔట్‌సోర్సింగు మీద పనిచేస్తున్న స్త్రీలకు ఏజెన్సీలు ఇ.ఎస్.ఐ. కడుతున్నాయో లేదో మనం కనుక్కోవాలి. జీతంలో కోత పడుతున్నా కార్డు చేతికి రాకపోతే ఎవరిని అడగాలో వారికి తెలియదు. మనకు తెలుసు. అర్జీ రాయడం మనకు వెన్నతో పెట్టిన విద్య.

రెండు: మాతృవందన దరఖాస్తుకు ఆధారు, బ్యాంకు పాసుపుస్తకం, మాతాశిశు రక్షణ కార్డు కావాలి. అందులో పేరు ఒక అక్షరం తేడా వస్తే డబ్బు ఆగిపోతుంది. వారానికి ఒక పూట మన సంఘ కార్యాలయంలో ఇద్దరం కూర్చుని ఆ కాగితాలు సరిచేసి పెడదాము. నేను ఒక పేరు ఇస్తున్నాను. రెండో పేరు మీలోంచి కావాలి.

మూడు: ఇది కాస్త కష్టమైనది. మనం ఉద్యోగులుగా ఎన్నో హక్కులు అడిగాము. ఈనాడు మనలో ప్రతి ఇంటివారూ యజమానులే. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి కాన్పుకు వెళితే, ఆ మూడు నెలలు ఆమె స్థానంలో వేరొకరిని పెట్టుకుంటాము. తిరిగి వచ్చేసరికి ఆ పని ఆమెకు ఉంటుందా? ఆ మూడు నెలలకు కనీసం సగం జీతం ఇస్తామా? ఏ చట్టమూ మనల్ని అడగదు. నిబంధనలలో అవకాశం లేదని మనమూ రాసి పంపవచ్చు. కానీ ఇక్కడ నిబంధన రాసేది, మంజూరు చేసేది, చెల్లించేది మనమే. పై అధికారి ఎవరూ లేరు.

ఈ మూడింటినీ కార్యవర్గం పరిశీలించి, వచ్చే నెల సమావేశంలో తీర్మానంగా పెట్టవలసిందిగా కోరుతున్నాను.

 ఇంతసేపూ సెలవు గురించి చెప్పాను గనుక, ఇక నేను సెలవు తీసుకుంటాను.